ఫిడేలు ప్రక్కబద్దలు - కొయ్యను వంచిన నేర్పు

మేదరివాడు వెదురుబద్దను సెగకు చూపి, మెల్లగా అదిమి, తనకు కావలసిన వంపును తెచ్చుట మన పల్లెలలో అందరును చూచినదే. పచ్చిబద్ద సులభముగా వంగును. ఎండిన బద్ద ఫెళ్లున విరుగును. ఆ ఎండినదానినే తడిపి కాచినచో మరల వంగును. ఇంత చిన్న విషయముపై ఒక గొప్ప వాద్యము ఆధారపడి యున్నది. అదే ఫిడేలు.

మన వీణ కుండను పనసకొయ్య తొలిచి చేయుదురు. బొబ్బిలిలో ఒకే దుంగనుండి మొత్తము వీణను చెక్కు సంప్రదాయము కలదు. అందు వంచవలసిన పని లేదు. ఫిడేలు మార్గము వేరు. దాని పైపలక, అడుగుపలక చెక్కినవే. కాని ఆ రెంటిని కలుపు ప్రక్కగోడ మాత్రము మేపుల్ చెట్టు కొయ్యనుండి తీసిన పలుచని బద్దలను వంచి కూర్చినది. ఈ బద్దల ఎత్తు సుమారు 30 మిల్లీమీటర్లు. మందము సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. సాధారణముగా పైభాగమున రెండు, నడుమున రెండు, క్రిందిభాగమున రెండు, మొత్తము ఆరు బద్దలుండును.

గోడను కూడ తొలిచి చేయరాదా? చేయవచ్చును. కాని వంపు తిరిగిన చోటనెల్ల కొయ్యలోని నారలు అడ్డముగా తెగిపోవును. అట్టి గోడ 1 మిల్లీమీటరు మందమైనచో కొద్ది ఒత్తిడికే చీలును. బలము కొరకు మందముగా ఉంచినచో వాద్యము బరువెక్కును. బద్దను వంచినచో నారలు తెగక వంపువెంట సాగిపోవును. అందుచేత గోడ పలుచనిదయ్యు గట్టిగా నిలుచును.

ఈ పనికి ఉత్తర ఇటలీలోని క్రెమోనా పట్టణము ప్రసిద్ధి చెందినది. 16వ శతాబ్దిలో అక్కడ ఆండ్రియా అమాతి ఫిడేళ్లు చేసెను. అతడు 1564లో చేసిన ఫిడేలు నేటికిని ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో కలదు. ఆ పట్టణపు పనివారిలో మిక్కిలి పేరొందిన ఆంటోనియో స్ట్రాడివారి 1737లో మరణించెను. అతని పనిముట్లను, కొయ్య అచ్చులను కోజియో అను ప్రభువు కొని భద్రపరచెను. 1920లో వానిని జుసెప్పె ఫియొరీని అను ఫిడేలు పనివాడు కొని, 1930లో క్రెమోనా నగరమునకు దానము చేసెను.

ఆ అచ్చులే పనిపద్ధతిని తెలుపును. అచ్చు ఫిడేలు ఆకారమున కోసిన చెక్క. దాని అంచున ఆరు గంట్లుండును. ఆ గంట్లలో చిన్న కొయ్యదిమ్మెలను తాత్కాలికముగా అంటింతురు. తడిపిన బద్దను కాచిన ఇనుముపై అదిమి వంచి, దిమ్మెలకు జంతుచర్మపు జిగురుతో అతికింతురు. పిమ్మట అచ్చును తీసివేయగా దిమ్మెలతో కూడిన గోడ మిగులును.

ఇందలి కష్టమును లెక్కవేసి చూడవచ్చును. 1 మిల్లీమీటరు మందముగల బద్దను 15 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున వంచినచో, దాని వెలుపలి తలము నడిమి పొరకంటె ముప్పదింట ఒక వంతు, అనగా నూటికి సుమారు 3 పాళ్లు, పొడవు కావలెను. మందము 3 మిల్లీమీటర్లైనచో 10 పాళ్లు కావలెను. కాని ఆవిరిలో ఉడికిన కొయ్య సైతము నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి సాగజాలదు. అయితే, అది కుదించుకొనుటలో మాత్రము ఎన్నో రెట్లు ఓర్చును. కాబట్టి వెలుపలితట్టు సాగకుండ పట్టియుంచి, లోపలితట్టును కుదింపవలెను. పనివారు బద్ద వెనుక పలుచని రేకునుంచి వంచుట ఇందుకొరకే. 1856లో ఆస్ట్రియాలో దళసరి కొయ్యను వంచు పద్ధతికి హక్కు పొందిన మైకేల్ తోనెట్ కూడ ఇనుప పట్టీతో ఈ ఉపాయమునే వాడెను. 1859లో అతడు చేసిన 14వ నంబరు కుర్చీ లోకమెల్ల వ్యాపించెను.

వేడికి కొయ్య మెత్తబడుటేల? కొయ్యలో సెల్యులోజు నారలను లిగ్నిన్ మొదలగు పదార్థములు బంధించియుండును. తడిసిన లిగ్నిన్ సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడి, నారలు ఒకదానిపై నొకటి కొంత జరుగుటకు వీలిచ్చును. చల్లారగానే గట్టిపడి క్రొత్త వంపును నిలుపును. లిగ్నిన్‌కు ఆ పేరు 1813లో స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు దె కాండోల్ పెట్టెను. 1838లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు పాయెన్ సెల్యులోజును వేరుచేసెను. అప్పటికి స్ట్రాడివారి మరణించి నూరేండ్లు దాటెను. కాగిన ఇనుముపై నీటిబొట్టు చిటచిటలాడు తీరును, చేతిక్రింద కొయ్య లొంగు తీరును బట్టియే పనివాడు వేడిని నిర్ణయించెను.

ఇంకొక చిక్కు కలదు. ఫిడేలు అందమునకు కారణమైన పులిచారల మేపుల్ కొయ్యలో నారలు అలలవలె సాగును. పలుచని బద్దలో ఆ అలలు పై తలమున తెగి కొనలు తేలును. చీలిక అక్కడనే పుట్టును. చూపునకు సొగసైన కొయ్యయే వంచుటకు కష్టమైనది. వేడి తగ్గినచో విరుగును, మించినచో మాడును, నీరు మించినచో తలము అలలు తేలును.

19వ శతాబ్ది ఆరంభమున బాలుస్వామి దీక్షితుల వంటి విద్వాంసుల వలన ఈ వాద్యము కర్ణాటక సంగీతమున ప్రవేశించెను. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) వంటివారి చేతులలో అది తెలుగువారి సొంతమయ్యెను. ఆ నాదమును మోయు గోడ మందము పోస్టుకార్డులు నాలుగైదు పేర్చినంత మాత్రమే. ఆ గోడను నిలిపినది, శాస్త్రము దానికి పేరు పెట్టుటకు ముందే కొయ్య స్వభావమును కనిపెట్టిన చేతుల అనుభవము.