స్పానిష్ నిర్దేశక పదాలు: మూడు స్థానాల చరిత్ర

ఒక వస్తువునో మనిషినో చూపి చెప్పడానికి స్పానిష్ భాష వాడే నిర్దేశక పదాలు మూడు వరుసల్లో ఉంటాయి: వక్తకు దగ్గరగా ఉన్నదానికి ఎస్తే, శ్రోతకు దగ్గరగా ఉన్నదానికి ఎసే, ఇద్దరికీ దూరంగా ఉన్నదానికి అకేల్. నేటి తెలుగు ఈ, ఆ అనే రెండు భేదాలతోనే నడుపుకొచ్చే పనిని స్పానిష్ ఇలా మూడుగా పంచుకుంది. ఇవి నామవాచకం ముందు నిలిస్తే విశేషణాలు, నామవాచకం లేకుండా ఒంటరిగా నిలిస్తే సర్వనామాలు అవుతాయి. రెండు పనులకూ రూపం ఒక్కటే, అది నామవాచకపు లింగాన్నీ వచనాన్నీ అనుసరించి మారుతుంది. ఈ మూడు స్థానాలూ లాటిన్ నుంచి సంక్రమించినవే అయినా, వాటిని ఇప్పుడు ఆక్రమించిన మాటల్లో ఒక్కటి మాత్రమే తన పాత చోట ఉంది, అదీ కొత్త తొడుగుతో.

లాటిన్‌లో వక్త పక్షానికి హిక్, శ్రోత పక్షానికి ఇస్తే, దూరానికి ఇల్లే ఉండేవి. వ్యవహారంలో హకార ధ్వని జారిపోవడంతో, మొదటే పొట్టిదైన హిక్ నిలదొక్కుకోలేకపోయింది. ‘ఇప్పుడు’ అనే అర్థంలో మధ్యయుగాల్లో వాడిన అగోరా, ‘ఈ ఏడాది’ అని చెప్పే ఓగాన్యో, ‘కానీ’ అనే పెరో వంటి మాటల లోపల మాత్రమే దాని అవశేషాలు మిగిలాయి. ఖాళీ అయిన మొదటి స్థానంలోకి ఇస్తే జరిగి ఎస్తే అయింది. అలా ఖాళీ అయిన రెండో స్థానాన్ని, ‘తానే, స్వయంగా’ అని నొక్కి చెప్పడానికి వాడే ఇప్సే అనే వేరొక మాట నింపి, మధ్యయుగాల్లో ఎస్సే రూపంలోనూ తరువాత ఎసేగానూ స్థిరపడింది. సిద్ వీరగాథలో ‘అప్పుడు’ అనే అర్థంలో కనిపించే ఎస్సోరా ఈ ఇప్సేకే ‘గంట, వేళ’ అనే మాట కలిసి ఏర్పడింది.

ఇల్లే కథ మరింత ఆసక్తికరమైనది. అది అరిగి ఒకవైపు ఎల్, లా అనే ఆర్టికల్‌గా, మరోవైపు ‘అతడు, ఆమె’ అనే సర్వనామాలుగా మారాక, దూరాన్ని చూపే బలం దానిలో మిగలలేదు. అందుకని ‘ఇదిగో, చూడు’ అని దృష్టిని లాగే ఎక్కుమ్ అనే మాట దాని ముందు చేరి అకేల్ పుట్టింది. అదే పద్ధతిలో అకేస్తే, అకేసే అనే రూపాలు కూడా చాలాకాలం చెలామణీ అయ్యాయి గాని, 17వ శతాబ్దం తరువాత అవి నిత్యవాడుకలో నిలవలేదు. దానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది: ఎస్తే, ఎసేలకు ఇల్లేలాగా రెండో ఉద్యోగం లేదు, కాబట్టి వాటికి ఊతం అవసరం పడలేదు.

లాటిన్ న్యాయస్థానాల్లో వక్తలు ప్రతివాదిని ఇస్తే అని చూపినప్పుడు అందులో తిరస్కారం ధ్వనించేది. ఇస్తే మొదటి స్థానానికి మారినప్పుడు ఆ తిరస్కారం దానితోపాటు వెళ్లలేదు. నేటి స్పానిష్‌లో ‘ఎల్ ఓంబ్రే ఎసే’ అని నామవాచకం తరువాత ఎసేను చేర్చితే ‘ఆ మనిషి’ అన్న మాటలో చిన్నచూపు వినిపిస్తుంది. భావం పదాన్ని కాక స్థానాన్ని అంటిపెట్టుకుని ఉందని అనిపించే ఈ సాదృశ్యం, వ్యుత్పత్తి పట్టికలు చెప్పగలిగిన దానికన్నా ఎక్కువే చెబుతుంది.

వ్యాకర్తల దృష్టి వీటిపై పడడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1492లో నెబ్రిహా కాస్టీలియన్ వ్యాకరణం వెలువడింది, 1847లో ఆంద్రేస్ బెయో అమెరికా ఖండపు వాడుకరుల కోసం రాసిన వ్యాకరణంలో ఆర్టికల్‌ను కూడా నిర్దేశకాల కోవలోనే చూశాడు. అయితే ఎక్కువ వివాదం రేగింది రాతగుర్తు మీద. సర్వనామంగా వాడినప్పుడు పదంపై స్వరచిహ్నం ఉంచి, విశేషణంగా వాడినప్పుడు వదిలేయాలన్న ఆచారాన్ని రాయల్ స్పానిష్ అకాడమీ క్రమంగా సడలించింది: 1959 నుంచి అమలైన నియమాలు సందిగ్ధత లేనిచోట దాన్ని వదలవచ్చన్నాయి, 2010 నాటి లేఖన నియమావళి సందిగ్ధతలోనూ అవసరం లేదంది. అకేల్ బహువచన రూపమైన ‘అకేయోస్’ తరువాత ‘పాత పుస్తకాలు’ అని వచ్చే వాక్యంలో అది ‘ఆ పుస్తకాలు’ అని చెబుతోందా, లేక పుస్తకాలు కొన్న ‘వాళ్లు’ అని చెబుతోందా అన్న అనుమానం అరుదుగా కలుగుతుంది, అదీ సందర్భం చూస్తే తీరిపోతుంది. ఈ మార్పు సబబైనదే.

ఏకవచనంలో మాత్రమే, సర్వనామాలుగా మాత్రమే ఉండే ఎస్తో, ఎసో, అకేయో అనే నపుంసక రూపాలకు ఈ చిహ్నం ఎన్నడూ అవసరం కాలేదు. స్పానిష్ నామవాచకాలలో నపుంసక లింగం లేకపోయినా, ఒక ఆలోచననో పూర్తి సంఘటననో పేరు పెట్టకుండా సూచించడానికి ఈ మూడూ లాటిన్ వారసత్వంగా మిగిలాయి.

చరిత్ర తెలియకపోతే చిక్కుపెట్టే చోటు మరొకటుంది. ‘నీరు’ అనే అగువా స్త్రీలింగం, అయినా దాని ముందు పుంలింగంలా కనిపించే ఎల్ అనే ఆర్టికల్ వస్తుంది. అందువల్లనే చాలామంది ‘ఎస్తే అగువా’ అంటుంటారు. నిజానికి ఆ ఎల్ పుంలింగం కాదు, ఇల్లే స్త్రీలింగ రూపమైన ఇల్లా నుంచి వచ్చిన ఎలా, ఊనిన అకారంతో మొదలయ్యే పదం ముందు తన చివరి అచ్చును పోగొట్టుకోగా మిగిలిన రూపం. నిర్దేశకాలకు అటువంటి లోపం జరగలేదు, అందువల్ల ప్రామాణిక రూపం ఎస్తా అగువా, ఎసా అగువా, అకేయా అగువా అనే ఉంటుంది.