కౌన్సెలింగ్ పుస్తకంలో సంతకం: మన సార్లకు ఆ పని ఎలా వచ్చింది?

పోస్టు కొంచెం పొడుగుంది, రాత్రి హాస్టల్లో తీరిగ్గా చదవండి.

నేను ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మాది బుట్టాయగూడెం వైపు కొండ కింద ఊరు, కోయోళ్ళం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఫస్టియర్లో నా రూమ్‌మేట్ గోదావరి ఒడ్డు కుర్రాడు. పోలవరం ముంపులో ఊరు పోయి వాళ్ళ కుటుంబం కాలనీకి మారింది. రెండో సెమిస్టర్ నుంచి వాడు సరిగ్గా తినేవాడు కాదు. రాత్రి మూడింటికి లేచి వరండాలో కూర్చునేవాడు. క్లాసులకు రావట్లేదని కౌన్సెలర్ సార్ పిలిచారు. నేను గది బయట నిలబడ్డాను. మొత్తం అయిదు నిమిషాలు. "హాజరు 58 శాతం ఉంది. 75 లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోద్ది. అమ్మానాన్న కష్టం గుర్తుపెట్టుకో" అని చెప్పి పుస్తకంలో సంతకం పెట్టించుకున్నారు. "విద్యార్థికి కౌన్సెలింగ్ ఇవ్వబడినది" అని రాసుకున్నారు. సార్ మంచివారే, తిట్టలేదు కూడా. ఉగాదికి ఇంటికెళ్ళినోడు మళ్ళీ రాలేదు.

వాడు వెళ్ళిపోయాక నాకు ఒకటే డౌటు. ఈ కౌన్సెలర్ సార్ అనే పని ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది? ఆ పని ఎలా చేయాలో ఆయనకి ఎవరైనా నేర్పారా? లైబ్రరీలో, ఫోన్‌లో వెతికి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

ముందు ఆ మాట సంగతి. మనకి కౌన్సెలింగ్ అంటే ఈఏపీసెట్ ర్యాంకు పట్టుకుని సీటు కోసం వెళ్ళేది. లేదంటే పోలీసులు స్టేషన్‌కి పిలిచి ఇచ్చేది. ఎవరైనా గట్టిగా చీవాట్లు పెట్టినా "వాడికి బాగా కౌన్సెలింగ్ ఇచ్చాడు" అంటాం. మన బాధ ఒకరు కూర్చుని వినడం అనే అర్థం మన చెవికి ఎక్కనే లేదు. అందుకే పిలుపు రాగానే మనం ఏం తప్పు చేశామా అని వణుకుతూ వెళ్తాం.

ఇప్పుడు పాత కాలానికి పోదాం. మన కొండరెడ్ల మీద 1945లో పుస్తకం అచ్చు వేసిన హైమన్‌డార్ఫ్ పేరు చాలామందికి తెలుసు. ఆయన 1943లో అప్పటి నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ పెట్టించాడు. పిల్లాడి భాష తెలిసినోడు, పిల్లాడి ఇల్లు తెలిసినోడు చెబితే చదువు నిలుస్తది అనేది అక్కడి ఆలోచన. మనసు ఆరోగ్యం అనే మాట అక్కడ లేదు గానీ, పిల్లాడిని అర్థం చేసుకునే మనిషి ఉండాలన్న సంగతి ఉంది.

తర్వాత 1974లో మొదలైన అయిదో పంచవర్ష ప్రణాళికతో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. దాని వెంట ఐటీడీఏలు వచ్చాయి, మనకి కోట రామచంద్రపురంలో ఉన్నది అట్లాంటిదే. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు పెరిగాయి. మన అన్నలు, అక్కలు చదువుకున్నారంటే వాటి పుణ్యమే. కానీ వార్డెన్ పని బియ్యం, దుప్పట్లు, హాజరు. జ్వరం వస్తే ఆసుపత్రికి పంపడం. దిగులు వస్తే ఏం చేయాలో ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

బయటి ప్రపంచంలో ఈ గడి ముందే మొదలైంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 1910లోనే విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ప్రత్యేక సేవ పెట్టింది. అక్కడ మంచి విద్యార్థులు చదువు మధ్యలో వదిలేసి పోతున్నారని గమనించి పెట్టారంట. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. అవి ఆసుపత్రుల వైపు నడిచాయి. కాలేజీ స్టాఫ్ రూమ్ దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద రిపోర్టు ఇచ్చింది. మిగతా వాళ్ళకి ఇచ్చినంత టైం టీచర్లు మాకు ఇవ్వరు అని పిల్లలు ఆ కమిటీకి చెప్పారు. అంటే కష్టం పిల్లాడి బుర్రలోనే లేదు, పిల్లాడికీ టీచర్‌కీ మధ్య కూడా ఉంది.

2015 చూడండి. తాడేపల్లిగూడెంలో నిట్ మొదలైంది ఆ ఏడాదే. మనోళ్ళకి 7.5 శాతం సీట్లతో ఇంత దగ్గరలో కేంద్ర విద్యాసంస్థ వచ్చింది. అదే ఏడాది యూజీసీ విద్యార్థుల భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 25 మంది విద్యార్థులకు ఒక టీచర్ కౌన్సెలర్ ఉండాలి, ఆ టీచర్‌కి ట్రైనింగ్ ఉండాలి, గార్డియన్ లాగా చూసుకోవాలి, వార్డెన్లతో మాట్లాడుతూ ఉండాలి అని అందులో ఉంది. ఆందోళన, ఓడిపోతామన్న భయం, ఇంటి మీద బెంగ అని పేర్లు పెట్టి మరీ రాశారు. కానీ అందులోనే హాజరు, మార్కులు ఇంటికి తెలియజేయాలని కూడా ఉంది. కాలేజీల్లో ఈ రెండో భాగం బతికింది. హాజరు లెక్క కాగితం మీద చూపించొచ్చు, బెంగ లెక్క ఎట్లా చూపిస్తారు? న్యాక్ వాళ్ళు కూడా ఒక్కో మెంటార్‌కి ఎంతమంది విద్యార్థులు అని నిష్పత్తి అడుగుతారు. నిష్పత్తి రాయడం తేలిక.

ఆ తర్వాతి ఏళ్ళు మనందరికీ తెలుసు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల. 2019 మే 22న ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి, తడ్వి భిల్లు ఆదివాసీ బిడ్డ. వీళ్ళిద్దరి తల్లులు రాధికమ్మ, అబేదమ్మ 2019లో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కాలేజీల్లో వివక్ష ఆపే నియమాలు కాగితం మీదే ఉన్నాయని వాళ్ళ ఫిర్యాదు. ఇద్దరు అమ్మలు పిల్లల్ని పోగొట్టుకుని మన కోసం కోర్టు మెట్లెక్కారు.

చట్టం కూడా నెమ్మదిగా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు, సాయం చేయాలి. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ వచ్చింది. 14416కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరికి మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే పెద్ద తీర్పు వచ్చింది. 2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చారు. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒక్కరుండాలి. టీచర్లకీ మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు నిపుణులతో శిక్షణ ఇప్పించాలి. ఎస్సీ, ఎస్టీ లాంటి వెనకబడిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా ఎలా మెలగాలో కూడా సిబ్బందికి నేర్పాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి.

ఈ వరసంతా చూస్తే నాకు అర్థమైంది ఇది. మంచి నియమాలు చాలావరకు ఒక బిడ్డ పోయాకే వచ్చాయి. వచ్చాక వాటిలో తేలికైన భాగమే అమలైంది. మా సార్ చేతికి పుస్తకం ఇచ్చారు గానీ, నిద్ర పట్టని పిల్లాడిని ఎలా గుర్తుపట్టాలో చెప్పలేదు. ఆయన సబ్జెక్టు చెప్పుకునే మనిషి. డాక్టర్ అవ్వమని మనం అడగట్లేదు.

ఆస్ట్రేలియాలో 2000లో బెట్టీ కిచెనర్, ఆంథొనీ జోర్మ్ అనే భార్యాభర్తలు మానసిక ప్రథమ చికిత్స అని మామూలు జనం కోసం కోర్సు పెట్టారు. దెబ్బ తగిలితే డాక్టర్ వచ్చేలోపు కట్టు కట్టినట్టే ఇది. గమనించాలి, దగ్గరికెళ్ళి అడగాలి, తీర్పు చెప్పకుండా వినాలి, తెలిసినోళ్ళ దగ్గరికి చేర్చాలి. అక్కడి ఆదివాసుల కోసం విడిగా ఇంకో కోర్సు కూడా చేశారు, ఎందుకంటే బాధ చెప్పుకునే తీరు అందరిదీ ఒకటి కాదు. మా అమ్మ "నాకు డిప్రెషన్" అనదు. "తిండి సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు" అంటది. ఆ మాట విని గుర్తుపట్టే సార్ కావాలి. జులైలో గోదావరి పొంగితే వేలేరుపాడు, కుక్కునూరు పిల్లల హాజరు ఎందుకు పడిపోద్దో తెలిసిన సార్ కావాలి.

కాబట్టి ఒక పని చేద్దాం. మన కాలేజీల్లో ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టి మూడు సంగతులు అడుగుదాం. మన కాలేజీలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఎవరు? ఈ ఏడాది స్టాఫ్‌కి రెండు శిక్షణలు ఎప్పుడు? 14416 హాస్టల్ గోడ మీద ఎక్కడ ఉంది? మర్యాదగా, కాగితం మీద, నలుగురం కలిసి అడుగుదాం. ఈలోపు మీకే కష్టంగా ఉంటే ఆ నంబరుకు ఫోన్ చేయండి, రూమ్‌మేట్‌కి చెప్పండి. ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రి ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆసుపత్రి. అక్కడికి వెళ్ళి మానసిక వైద్యుడిని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొన్న కైకలూరు వెళ్ళినప్పుడు నా రూమ్‌మేట్‌ని కలిశాను. కొల్లేరు పక్కన చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. గట్టు మీద కూర్చుని అడిగాను, "ఆరోజు సార్ ఇంటి సంగతి అడిగుంటే చెప్పేవోడివా?" అని. చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు. "ఏమో రా. అడగలేదు కదా" అన్నాడు.

వచ్చే ఏడాది మళ్ళీ చేరమని చెప్పి వచ్చాను. అప్లికేషన్ నేనే నింపుతానన్నాను. మీ పక్క మంచం వాడు ఈ రాత్రి నిద్రపోయాడో లేదో ఒకసారి చూడండి.

జై ఆదివాసీ. జై భీమ్.