కౌంటర్ గుమస్తా నుంచి వెబ్ సర్వర్ దాకా

ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. రేపల్లెలో ఇంట్లో కూర్చుని రైలు టికెట్ బుక్ చేస్తాం. అప్పుడు మన బ్రౌజర్ రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడుతోందా? లేదండీ. మధ్యలో ఒక సర్వర్ ఉంది.

ఇది కొత్త సంగతేం కాదు. తెనాలిలోనో బాపట్లలోనో రిజర్వేషన్ కౌంటర్ గుర్తు చేసుకోండి. మనం ఫారం నింపి కిటికీలోంచి ఇస్తాం. గుమస్తాగారు దాన్ని తన టెర్మినల్‌కు అర్థమయ్యేలా టైపు చేస్తారు. బెర్తు ఉందో లేదో తేల్చేది మాత్రం ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్. దాన్ని నడిపే 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్‌ను మొదట వాడుకలోకి తెచ్చింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్‌కల్లా ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి కలిశాయి.

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. అందుకోసం పాత వ్యవస్థను తీసి పారేయలేదు. దాని ముందర వెబ్ సర్వర్ పెట్టారు. బ్రౌజర్ పంపిన ఫారం అది అందుకుంటుంది, రిజర్వేషన్ వ్యవస్థను అడుగుతుంది, వచ్చిన జవాబును వెబ్ పేజీగా మనకు చూపిస్తుంది. అంటే గుమస్తాగారి పనే! మొదట్లో టికెట్ కొరియర్‌లో వచ్చేది. 2005లో ఈ-టికెట్ వచ్చింది.

మరి నేరుగా ఎందుకు కలపరు? సాకెట్ అంటే రెండు ప్రోగ్రాముల మధ్య తెరిచి ఉంచిన లైను అనుకోండి. ఆ లైను నడిచే టీసీపీ పద్ధతి 1981 నాటికే ప్రమాణమైంది. కానీ వెబ్ పేజీ తనకిష్టమైన చోటికి అలాంటి లైను తెరుస్తానంటే బ్రౌజర్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే, మీరు తెరిచిన ఏదో ఒక పేజీ మీకు తెలియకుండానే ఇంట్లో రౌటర్‌నీ, ఆఫీసులో లెక్కల కంప్యూటర్‌నీ తట్టి చూడగలదు.

2011 డిసెంబరులో వెబ్‌సాకెట్ ప్రమాణం వచ్చింది. దాంతో బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య రెండు వైపులా మాట్లాడే లైను దొరికింది. అయితే దానికి తనదైన పలకరింపు ఉంది, పంపే ప్రతి ముక్కకూ ఒక చుట్ట ఉంటుంది. పాత టీసీపీ ప్రోగ్రాములకు అది అర్థం కాదు. అందుకే వెబ్‌సాకిఫై లాంటి వంతెనలు పుట్టాయి. ఇటు వెబ్‌సాకెట్, అటు మామూలు టీసీపీ. చుట్ట విప్పి లోపలి సమాచారం అటు అందించడం, అటు నుంచి వచ్చినదానికి చుట్ట పెట్టి ఇటు ఇవ్వడం, అంతే దాని పని.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఎవరు అడిగినా, ఎక్కడికి అడిగినా వంతెన కలిపేసిందనుకోండి, బ్రౌజర్ కాసిన కాపలా అంతా వృథా. గుమస్తా కుర్చీలో దారినపోయేవాణ్ణి కూర్చోబెట్టినట్టే! వచ్చినవాళ్లెవరో చూడాలి, వెళ్లే చోటు ముందే ఖాయం చేసి ఉంచాలి.

వంతెన ఇరుకైనా కష్టమే. తత్కాల్ వేళ ఆ బాధ మనకు తెలుసు. 2014లో ఐఆర్‌సీటీసీ కొత్త వ్యవస్థ తెచ్చినప్పుడు నిమిషానికి 2,000గా ఉన్న టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచింది.

ఈసారి టికెట్ బుక్ చేసేటప్పుడు తెర వెనక ఉన్న ఆ గుమస్తాను ఒక్కసారి తలుచుకోండి. మళ్లీ కలుద్దాం.