కాసిల్‌మన్ వ్యాధి: ఒకే పేరు, రెండు చరిత్రలు

డేవిడ్ ఫేజెన్‌బామ్ రాసిన 'చేజింగ్ మై క్యూర్' (2019) చదివినవారికి కాసిల్‌మన్ వ్యాధి పేరు పరిచితమే. తన జబ్బుకు తానే మందు వెదుక్కున్న వైద్యుని ఆత్మకథ అది. ఊపిరి బిగబట్టి చదివిస్తుంది. అయితే ఆయనకు వచ్చినది కారణం తెలియని రకం. హెచ్‌ఐవీ ఉన్నవారికి వచ్చే రకానికి వేరే చరిత్ర ఉంది.

బోస్టన్ పాథాలజిస్టు బెంజమిన్ కాసిల్‌మన్ 1956లో 13 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. వారి ఛాతీలో లింఫ్ గ్రంథి ఒకచోట పెద్దగా పెరిగింది, అంతే. కోసి తీసేస్తే నయం. ఎయిడ్స్ కాలంలో అదే పేరుతో పిలిచిన జబ్బు అంత సాధువు కాదు: ఒళ్ళంతా గ్రంథుల వాపు, విడిచి విడిచి వచ్చే జ్వరం, పెరిగిన ప్లీహం, రక్తహీనత. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు కపోసి సార్కోమాలో ఒక కొత్త హెర్పిస్ వైరస్‌ను కనుగొన్నారు. మరుసటి ఏడే పారిస్ పరిశోధకులు దాన్ని ఈ గ్రంథులలోనూ పట్టుకున్నారు. కారణం దొరికింది గాని ప్రాణాలు దక్కలేదు. 1996లో ఫ్రెంచి వైద్యులు 20 మంది రోగులను పరిశీలించి చెప్పిన సగటు ఆయుష్షు 14 నెలలు. రిటుక్సిమాబ్ వచ్చాక ఆ లెక్క తారుమారైంది. అది తీసుకున్నవారిలో రెండేళ్ళ తరువాత 94 శాతం మంది బతికే ఉన్నారని లండన్ వైద్యులు 2011లో రాశారు.

మందు ఉన్నా, ముందు జబ్బును గుర్తుపట్టాలి గదా! హెచ్‌ఐవీ మందులు వేళకు వేసుకుంటూ, సీడీ4 కణాలు బాగానే ఉన్నవారికి సైతం ఇది రావచ్చు. జ్వరం, గ్రంథుల వాపు అనగానే ఇక్కడ కాల్గరీలో మా మనసు లింఫోమా వైపు పోతుంది. గుంటూరులో క్షయ వైపు. అక్కడ అది న్యాయమైన అనుమానమే. క్షయ మందులకు లొంగనప్పుడు మాత్రం సూదితో తీసిన చుక్క చాలదు. గ్రంథిని మొత్తంగా తీసి, ఆ వైరస్ కోసం పాథాలజిస్టు చేత ప్రత్యేకంగా వెదికించాలి.