మెట్లు లేని ఆకాశం

ఇట్లా దగ్గరికి జరగండి పిలకాయలూ. భోగి మంటలో కాలిన కాగితం ముక్క పైకి ఎట్లా లేస్తా ఉండాదో చూస్తిరా? వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. ఆ ఒక్క సంగతి పట్టుకునే ఫ్రాన్సు దేశంలో మాంగోల్ఫియే అన్నదమ్ములు 1783లో గుడ్డా కాగితమూ కలిపి పెద్ద బుడగ చేసినారు. ముందు గొర్రెనూ బాతునూ కోడిపుంజునూ ఎక్కించి పంపితే మూడూ బతికే దిగినాయి.

ఇంక మనిషి ఎక్కాల. ఎవురెక్కుతారు? మరణశిక్ష పడిన ఖైదీలను పంపుదామన్నాడంట రాజు. అంత పేరు ఖైదీలకు పోతుందా అని ఒప్పుకోలేదు పిలాత్ర్ ద రోజియే. ముప్పై నిండనోడు. నవంబరు 21న తానే ఎక్కినాడు, తోడుకు దార్లాంద్ అనే సైనికాధికారి. బుడగ కింద మంట, చేతికందేట్టు గడ్డి మోపులు. దార్లాంద్ కింద పారిస్ పట్టణం చూస్తా మైమరిచి నిలబడిపోతే, గడ్డి వెయ్యవయ్యా, పైకి లేవడం లేదని రోజియే కసిరినాడు. అంతలో నిప్పురవ్వలు తగిలి గుడ్డకు బొక్కలు పడినాయి. తడి స్పంజితో ఆర్పుకుంటా, 25 నిమిషాల్లో 9 కిలోమీటర్లు పోయి దిగినారు. మన తిరుత్తణి సుబ్రమణ్యసామి కొండకు 365 మెట్లుండాయి, అలుపొస్తే కూచోవచ్చు. వాళ్ళకు కూచునే మెట్టే లేదు.

అసలు కష్టం దిగేదాంట్లో ఉండాది. అదే ఏడు ఆగస్టులో మనిషి లేని హైడ్రోజన్ బుడగొకటి గొనెస్ అనే పల్లెలో పడింది. రాక్షసేమోనని బెదిరి ఊరోళ్ళు పంగలకర్రలతో పొడిచి చీల్చేసినారు. రోజియే 1785లో సముద్రం దాటి ఇంగ్లండుకు పోదామని వేడిగాలి బుడగకు హైడ్రోజన్ బుడగ జతకట్టి లేచినాడు. కూలి చచ్చిపోయినాడు. మొదట ఎగిరినోడే మొదట పోయినాడు.

మన దేశం సంగతి చెప్తా వినండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ తిరుత్తణిలో పుట్టింది 1888లో. ఆ మరుసటేడు పెర్సివల్ స్పెన్సర్ అనే దొర కలకత్తాకు బెలూను తెచ్చినాడు. వీధి దీపాలకు వాడే గ్యాసే దాంట్లోనూ నింపేది. కసరత్తులు చేసే రామచంద్ర చటర్జీ అనే బెంగాలీ ఆయన, దొర దగ్గర ఆ విద్య నేర్చి మే 4న ఒంటరిగా ఎక్కినాడు. అట్లా ఎక్కినోళ్ళలో మన దేశస్తుడు ఆయనే మొదలు. మన తిరువళ్ళూరు మీదుగా అప్పటికే 33 ఏండ్లుగా రైలు పోతా ఉండాది. రైలుకైతే పట్టాలుండాయి, దిగేదానికి టేసనుండాది. బెలూనుకు చుక్కాని కూడా లేదు. ఇసుక మూట పారేస్తే లేస్తుంది, గ్యాసు వదిలితే దిగుతుంది. యాడ దిగేదనేది గాలి ఇష్టం.

చటర్జీ దానికీ వెరవలేదు. 1890లో బెలూను మీద నుంచి పారాచూటు పట్టుకొని దూకినాడు. ఎగిరినందుకు లోకమంతా చప్పట్లు కొడుతుంది. నేనైతే దిగేది నేర్చుకున్నందుకు ఆయనకు దండం పెడతా.