మెదడు చరిత్రను వెనుకనుండి చదువుట



వ్రేలు ఊరక కదల్చుట మనకు చిన్న పని. అది యెప్పుడు జరుగునో కదల్చువాడును ముందుగా చెప్పలేడు. అట్టి చేష్టకు ముందు మెదడులో నేమి జరుగునో యెట్లు తెలిసికొనిరో నేడు మనవి చేసెదను.

మెదడున స్వల్పమైన విద్యుత్తు నిరంతరము చలించుచుండును. జర్మనీ వైద్యుడగు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలపై దానిని గ్రహించి, 1929లో ప్రకటించెను. కాని యొక్క చేష్టకు చెందిన సంకేతము తక్కిన యలజడిలో మునిగిపోవును. గంట మ్రోగించి మెదడును కదల్చినచో, ఆ క్షణమునుండి లెక్కింపవచ్చును. తనంత తాను కదలు వ్రేలికి ముహూర్తము లేదు గదా!

1964లో ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున కోర్న్‌హూబర్, ఆయన శిష్యుడు డీకె ఉపాయము కనుగొనిరి. పరీక్షకు గూర్చున్నవారు తోచినప్పుడెల్ల వ్రేలు కదల్చిరి. సంకేతములు టేపుపై నెక్కెను. పిదప టేపును వెనుకకు నడపి, ప్రతి కదలికకు పూర్వభాగములను జేర్చి సగటు కట్టిరి. తాళపత్రప్రతులను సరిపోల్చిన మావంటివారికిది క్రొత్త గాదు. వ్రాయసకాని పొరపాట్లు ప్రతికొక తీరు, మూలపాఠ మొక్కటే. అట్లే యలజడి యణగి, కదలికకు సుమారొక సెకను ముందే మెదడు సన్నద్ధమగుట గోచరించెను.

1983లో అమెరికాయందు బెంజమిన్ లిబెట్ మఱియొక మాట ప్రకటించెను. మెదడు సన్నాహము అర సెకనుకు పైగా ముందే మొదలగును. కదల్చవలెనను కోరిక మనస్సునకు దెలియుట సుమారు 0.2 సెకను ముందు మాత్రమే. అంతట మానవునికి కర్తృత్వమే లేదని కొందరు వాదించిరి. కర్త లేనిచో పాపపుణ్యము లెవరివి? శిక్ష యెవరికి?

2012లో ఆరన్ షర్గర్ ప్రభృతులు వేఱొక యర్థము చెప్పిరి. మెదడులోని యలజడి తనంత తాను హెచ్చుచు దగ్గుచుండును. అది హద్దు దాటినప్పుడు వ్రేలు కదలును. దాటిన ఘడియలనే యేఱి వెనుకకు జూచినచో, ప్రతి దానికి ముందు నొక పెరుగుదల కనబడక తప్పదు. అది ముందే జరిగిన నిర్ణయమని చెప్ప వలనుపడదు.

మా ఆలేరువంటి మెట్టసీమలో చెరువుకట్ట తెగిన పిమ్మట, నీరు హెచ్చుటచేతనే తెగెనందురు. నీరు హెచ్చియు కట్ట తెగని యేండ్లను గూడ లెక్కించినగాని కారణము తేలదు.

నేటి ఎం.ఆర్.ఐ. చిత్రములందును నీ జాగ్రత్త వలయును. అందు రక్తములోని మార్పు మెదడు పనికి గొన్ని సెకనులు వెనుకబడి కనబడును. మూర్ఛ, నత్తి వంటివానిని పరిశీలించువారు ఆ యాలస్యమును లెక్కకు దెచ్చి, ఏమియు జరుగని వేళలతోను సరిపోల్చవలెను.

కావున నొక గీతను జూపి, మానవునికి స్వేచ్ఛ లేదని యెవరైన ననినచో, కదలని వేళల లెక్క యేదని మీరడుగుడు. చరిత్ర వ్రాయువానినైనను అడుగదగిన ప్రశ్న యిదియే.