ధ్వనిముద్రణలో కావలసిన భాగాన్ని ఎంచుకొనే విధానం

ధ్వనిముద్రణను కంప్యూటర్‌లో సరిదిద్దే పనికి ‘ఎంపిక’ తొలి మెట్టు. ఏ క్షణం నుండి ఏ క్షణం వరకు మనకు పని ఉన్నదో గుర్తించడమే ఎంపిక. ఎంచుకొన్నంత మాత్రాన ఏదీ చెరిగిపోదు. ఆ తరువాత ఇచ్చే ఆదేశమే ఆ భాగాన్ని తొలగిస్తుంది, నిశ్శబ్దం చేస్తుంది లేదా వేరే ఫైలుగా భద్రపరుస్తుంది. హద్దులు తప్పితే మాట నడుమ తెగిపోతుంది.

అవసరం ఎక్కడ?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని బృందావన ఆశ్రమంలో 1972లో విద్యార్థులకు వేసవి తరగతులు ఆరంభమయ్యాయి. సత్యసాయిబాబా తెలుగులో ప్రసంగిస్తుండగా, అనువాదకులు వెంటవెంటనే ఆంగ్లంలో చెప్పడం ఆయన సభలలో పరిపాటి. అటువంటి ముద్రణలో తెలుగు మాత్రమే వినదలచిన వారు ఆంగ్ల భాగాలను ఒక్కొక్కటిగా ఎంచుకొని తీసివేయవలసి ఉంటుంది. రెండు భాషలు కలిసి నడిచే మన సరిహద్దు ఇళ్లలోనూ ఇదే అవసరం కలుగుతుంది. అవ్వ పాడిన పెండ్లిపాట నడుమ ఎవరో కన్నడంలో అడిగిన ప్రశ్న, కుక్క అరుపు, మోటారు చప్పుడు చేరిపోతాయి.

సాధనం

ఈ పనికి ‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలును. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో దీని రూపకల్పన మొదలై, 2000లో ప్రజలకు అందింది.

ఎంచుకొనే పద్ధతి

1. ఫైలు తెరిస్తే ధ్వని అలల రూపంలో కనిపిస్తుంది. ఎత్తైన అలలు పెద్ద ధ్వనిని, సన్నని గీత నిశ్శబ్దాన్ని సూచిస్తాయి.

2. భాగం మొదట మౌస్ నొక్కిపట్టి చివరి వరకు లాగండి. ఆ మేర రంగు మారుతుంది.

3. స్పేస్ మీట నొక్కితే ఎంచుకొన్న భాగం మాత్రమే వినిపిస్తుంది. విననిదే ముందుకు సాగవద్దు.

4. హద్దు జరపాలంటే దాని అంచును మౌస్‌తో లాగండి. లేదా షిఫ్ట్ మీట పట్టుకొని కొత్త హద్దు వద్ద క్లిక్ చేయండి.

5. కంట్రోల్‌తో 1 నొక్కితే అలలు విస్తరించి కనిపిస్తాయి. కంట్రోల్‌తో 3 నొక్కితే తిరిగి కుదించుకొంటాయి.

6. జెడ్ మీట నొక్కితే హద్దులు సమీపంలోని శూన్యస్థానాలకు, అనగా అల నడిమి గీతను దాటే చోట్లకు, జరుగుతాయి. దీనివలన అతుకు వద్ద ‘టక్’ మనే శబ్దం తగ్గుతుంది.

హద్దు ఎక్కడ ఉండాలి?

మాటకు మాటకు నడుమనున్న విరామంలో హద్దు పెట్టాలి. పాటలో గాయకురాలు తీసుకొనే ఊపిరిని పూర్తిగా తొలగిస్తే వినడానికి అసహజంగా ఉంటుంది. ఎంచుకొన్న తరువాత డిలీట్ నొక్కితే ఆ భాగం పోయి, ఇరువైపులా ఉన్నవి కలిసిపోతాయి. కంట్రోల్‌తో ఎల్ నొక్కితే అంత కాలమూ నిశ్శబ్దంగా మిగులుతుంది. తాళం తప్పరాని పాటలకు రెండవదే మేలు. అయితే చప్పుడు గొంతుతో కలిసిపోయిన చోట రెండు పద్ధతులూ గొంతును కూడా తీసివేస్తాయి. అక్కడ చప్పుడును సహించి వదలివేయడమే మంచిది.

జాగ్రత్తలు

పొరపాటు జరిగితే కంట్రోల్‌తో జెడ్ నొక్కి వెనుకకు రావచ్చును. కాని ప్రాజెక్టును మూసివేసిన తరువాత ఆ అవకాశం ఉండదు. కనుక మొదట అసలు ఫైలుకు నకలు తీసి, నకలుపైనే పని చేయండి. ఎంపీ3 రూపంలో మళ్లీ మళ్లీ భద్రపరిస్తే నాణ్యత తగ్గుతుంది. పని ముగిసే వరకు వేవ్ రూపంలో ఉంచండి. సాధారణ స్టీరియో ముద్రణకు నిమిషానికి సుమారు 10 మెగాబైట్ల చోటు పడుతుంది.

పెద్దల గొంతు ఉన్న అసలు ఫైలును ఎన్నడూ చెరిపివేయకండి. నేడు అనవసరమని తోచి తీసివేసిన పలకరింపే రేపు పిల్లలు వెదకే మాట కావచ్చును.